గ్రామఫోన్ బాకాలో తువ్వాలు

పాతికేళ్ల వయసులో ఒంటరిగా ఉందని ఒప్పుకోవడం మహా నామోషీ. ఆ రోజుల్లో మనిషి జ్వరమంటాడు, పని ఎక్కువైందంటాడు, లేదా ఏదో ఒక పిచ్చి తగిలించుకుని దానికి అభిరుచి అని పేరు పెడతాడు. బ్యాంకు ఉద్యోగంలో చేరి కొత్తగా కలకత్తా వచ్చినప్పుడు నాకు పట్టుకున్నది పాత గ్రామఫోన్ల పిచ్చి. ఇప్పుడు ఇంట్లో కాలు పెట్టే చోటు లేకుండా పెట్టెలూ రికార్డులూ పేరుకుపోయాయి కాబట్టి నలుగురూ నన్ను గౌరవంగా చూస్తున్నారు గాని, మొదట్లో అది కేవలం తెలుగు వినాలన్న కక్కుర్తి. (ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి. అయితే ‘తిన్నావా’, ‘తిన్నాను’ అన్న రెండు మాటల్ని తెలుగు కింద జమకట్టలేం.)

ఒక ఆదివారం పాత సామాన్లు అమ్మే సందులో తిరుగుతుంటే, ఒక కొట్టు ముందు నల్లటి పళ్లాల దొంతర మీద తలకిందులుగా ఉన్న తెలుగు అక్షరాలు కనిపించాయి. ‘పద్యము’ అని ఉంది. రికార్డు చేతిలోకి తీసుకుని అక్కడే నిలబడిపోయాను. కొట్టాయన, “అది చైనా వాళ్ల పాట దాదా, ఎవరూ కొనరు” అన్నాడు. కాదు, మా భాషేనన్నాను. అనకుండా ఉండాల్సింది. రికార్డుకి అంతగా మురిసిపోయినవాడికి దాన్ని వాయించే పెట్టె అంటగట్టడం ఎంత పని. తాళం తిప్పే పెట్టె, దానికి ఉమ్మెత్తపువ్వులాంటి ఇత్తడి బాకా. బాకాని ఒళ్లో పెట్టుకుని ట్రాములో కూర్చుంటే, పక్కనున్న పెద్దాయన పెళ్లి ఏ ఊళ్లో అని అడిగాడు.

నేను అద్దెకుండేది మేడ మీద గదిలో. కింద ఇంటావిడ ఒక్కతే ఉండేది. బళ్లో బెంగాలీ చెప్పి రిటైరైన మనిషి. అందరూ మాసీమా అనేవారు, అంటే పిన్నిగారన్నమాట. మధ్యాహ్నం ఆవిడ పడుకుంటుంది, చప్పుడు కాకూడదన్నది మొదటి రోజే చెప్పిన షరతు. గ్రామఫోన్‌కి చప్పుడు తగ్గించే మీట ఉండదు. అందుకని బాకాలో తువ్వాలు కుక్కి ముల్లు దించాను. అడవిలో దారి తప్పిన రాజు భార్యని తలుచుకుని పాడే పద్యం. పాదం చివర పెద్ద ఆలాపన. తువ్వాలు అడ్డుపడి అది నోరు నొక్కుకుని వెక్కుతున్నట్టు వచ్చింది. మధ్యలో గీత పడి ఒకే మాట ఐదారుసార్లు తిరిగింది. ఆఖరి పాదానికి తాళం బలం తగ్గి రాజుగారు మూలగడం మొదలుపెట్టారు.

అంతలో తలుపు చప్పుడైంది. పెట్టె మీద దుప్పటి కప్పి తీశాను. చేతిలో పాయసం గిన్నెతో మాసీమా.

“ఏడు బాబా, ఏడు. మగవాళ్లు ఏడవకూడదని ఎవరన్నారు?” అంది.

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. తాటిబెల్లం వాసన తగిలింది. నోరు మూసుకున్నాను.

తర్వాతి ఆదివారం మళ్లీ వాయించాను. లూచీలు, అంటే మైదాపిండి పూరీలు, వచ్చాయి. ఆపై వారం కూరా. నాలుగు నెలలు అలా గడిచాయి. తలుపు తీసేముందు కళ్లు ఎర్రబడేదాకా నలుపుకోవడం కూడా నేర్చుకున్నాను. ఆవిడ వచ్చి కాసేపు కూర్చునేది, మా ఊరి సంగతులు అడిగేది. వారమంతా నేను మాట్లాడిన అసలు మాటలు అవే. నిజం తెలిస్తే ఆ గంట పోతుందని భయంగా ఉండేది.

అలాంటి ఒక ఆదివారం మాసీమా మెట్లెక్కి వస్తుంటే, ఆవిడ వెనకే, మేడ మీది కుళాయి చూడ్డానికి, కార్పొరేషన్ కుళాయిలు బాగుచేసే ఆయన కూడా వచ్చాడు. మూడు తరాల కిందట శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. రాజుగారి గొంతు విని మెట్ల మీదే ఆగి, “ఏటి బాబూ, పద్యమా? మా తాత ఇలాగే పాడీవోడు” అన్నాడు. అక్కడితో ఆగకుండా మాసీమా వైపు తిరిగి, ఎవరూ ఏడవడం లేదనీ, అది నాటకంలో పాటనీ బెంగాలీలో చక్కగా విడమరిచాడు.

నేను గుమ్మంలో తల దించుకుని నిలబడ్డాను.

“నాకు రెండో వారమే తెలుసు. ఏడ్చేవాడు ప్రతి ఆదివారం ఒకే మాట దగ్గర ఇరుక్కుపోడు” అంది మాసీమా.

“మరి ఎందుకు వచ్చారు?”

“ఒక్కదానికి ఎంతని వండుకోను?” అంటూ గిన్నె నా చేతిలో పెట్టి లోపలికి వచ్చి కూర్చుంది. కుళాయిలాయన గడప మీద చతికిలబడ్డాడు. తువ్వాలు తీసేసి మళ్లీ మొదట్నుంచి పెట్టాను. అయ్యాక ఆవిడ అర్థం అడిగింది. నా వచ్చీరాని బెంగాలీలో చెప్పాను. క్రియలన్నీ దిద్ది, “అయితే నేను విన్నది తప్పేం కాదు, ఎవరో ఒకరు ఏడుస్తూనే ఉన్నారు” అంది.

ఇన్నేళ్ల తర్వాత ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వూ జాలీ కలిసే వస్తాయి. నాలుగు మెట్లు దిగి, “నాకేం తోచడం లేదు మాసీమా, కాసేపు కూర్చోనా” అని అడిగితే సరిపోయేది. అంతమాత్రం అడగలేక గ్రామఫోన్ కొనుక్కొచ్చాడు.