వృత్తి అనే గడిలో

పదకొండేళ్లుగా అద్దెకుంటున్న గుణదల ఫ్లాటును అమ్మేస్తున్నానని యజమాని చెప్పిన రోజు నేను కుక్కర్ పెట్టడం మర్చిపోయాను. "ముందు మీకే చెబుతున్నానండీ. రెండు నెలలు ఆగుతాను" అన్నాడాయన, మర్యాదగానే. ఆ ఇంట్లో ఉత్తరపు కిటికీ పక్కన నా కుట్టుమిషను ఉంటుంది. ఎండ పడకుండా రోజంతా వెలుగొస్తుంది. పట్టుగుడ్డ రంగు ఉన్నదున్నట్టు కనబడేది అక్కడే. ఇంకో ఇల్లు దొరకవచ్చు, ఆ కిటికీ దొరకదు. నాకు ఆ ఇల్లే కావాలి.

మాది డాన్సు డ్రెస్సులు కుట్టే పని. కూచిపూడి నుంచీ, ఊళ్లోని డాన్సు స్కూళ్ల నుంచీ పిల్లలు వస్తారు. కొలతలు తీసేది, కత్తిరించేది, కుట్టేది నేను. మా ఆయన గుడ్డ తెస్తారు, కుచ్చిళ్లు మడిచి ఇస్త్రీ చేస్తారు, మధ్యమధ్యలో నన్ను తొందరపెడతారు.

లోను కోసం మొదట ఓ పెద్ద బ్యాంకుకు వెళ్లాం. సొంత పని అనగానే అక్కడి ఆఫీసరు ఐటీ రిటర్నులు అడిగి, చూసి, "ఈ ఆదాయానికి మీరడిగినదాంట్లో సగం కూడా రాదండీ" అన్నాడు. రాదు మరి. ఏటా ఆడిటరు గారు "ఎంత చూపిద్దాం?" అని అడగడం, మా ఆయన "పన్ను పడనంత" అనడం, ఇంటికొచ్చి ఆ తెలివికి ఇద్దరం మురిసిపోవడం మా ఆనవాయితీ. దారంతా ఆయన ఆడిటర్ని తిట్టారు. "మనం చెప్పిందే కదండీ రాశాడు" అన్నాను. ఆయన స్కూటరు వేగం పెంచారు.

రెండోది ఆటోనగర్ దగ్గర ఓ ఫైనాన్సు కంపెనీ. ఏసీలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, అడిగినంతా ఇస్తామన్నారు. మా ఆయనకు ప్రాణం లేచొచ్చింది. వడ్డీ మాత్రం బాగా ఎక్కువ. పైగా వాయిదాకన్నా ఎక్కువ కడితే దానికీ చార్జీ వేస్తారట. మాకేమో దసరా నుంచి చలికాలమంతా చేతినిండా పని, వేసవిలో ఈగలు తోలుకోవడం.

"చేతిలో ఉన్నప్పుడు ఎక్కువ కట్టుకునే వీలుండాలి కదండీ" అన్నాను.

"ఇచ్చేవాడికి కూడా వంకలు పెడతావేంటి?" అన్నారు.

ఎదిగే పిల్లల డ్రెస్సులకు కుట్టు లోపల రెండంగుళాల గుడ్డ వదులుతాను, తర్వాత విప్పుకోవడానికి. ఆ లోనులో అలా వదిలిన గుడ్డ నాకెక్కడా కనబడలేదు.

మూడోది, ఓ డాన్సు పిల్ల తల్లి చెప్పిన చిన్న బ్యాంకు. అక్కడ మేనేజరు ఓ ఆవిడ. మా రిటర్నులు చూసి పక్కన పెట్టి, "ఓసారి వచ్చి మీ పని చూస్తానండీ" అన్నారు. అన్నట్టే శనివారం వచ్చారు. కిటికీ దగ్గర నిలబడి నా కొలతల పుస్తకాలు తిరగేశారు. ఒకే పిల్లకు ఏడో ఏట తీసిన నడుం కొలత నుంచి కాలేజీకొచ్చాక తీసిన కొలత దాకా అన్నీ అందులో ఉన్నాయి.

"ఈ దస్తూరీ ఎవరిదండీ?"

"నాదే మేడమ్."

"డబ్బులు ఎవరికి పంపిస్తారు?"

"నా ఫోనుకేనండీ. నా అకౌంట్లోనే పడతాయి."

"మరి మీ పేరు మీద రిటర్ను ఏదండీ?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఇస్త్రీపెట్టె వైపు చూశారు. రిటర్నులన్నీ ఆయన పేరు మీదే; ఇన్నేళ్లూ కాగితాల మీద నేను ఏ పనీ లేనిదాన్నే. సిగ్గేసింది, కోపమూ వచ్చింది. అందులో సగం నా మీదే, ఏనాడూ అడగలేదు కనుక.

సోమవారం మేనేజరు గారు ఫోను చేశారు. నా అకౌంటు చూసి ఇద్దరి పేరునా ఇస్తారట. ఈ ఏడు నుంచి నేనూ రిటర్ను వేయాలట, ఉన్నది ఉన్నట్టు. వీలున్నప్పుడు ఎక్కువ కట్టుకోవచ్చు, చార్జీ లేదు. అడిగినదానికి కొంచెం తగ్గుతుంది.

"అక్కడైతే మొత్తం ఇస్తున్నారుగా" అన్నారు మా ఆయన.

"తగ్గింది చీటీ పాడుకుని సర్దుకుందామండీ. మన పని చూసి ఇస్తానన్నది ఈవిడ ఒక్కతే."

ఆయన గడ్డం గోక్కుని, "సరే, నీ కిటికీ, నీ ఇష్టం" అన్నారు.

బ్యాంకులో ఫారం నింపింది ఆయనే, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని ఆయనకు నమ్మకం. నా పేరు, వయసు రాసి, వృత్తి అన్న గడిలో అలవాటుగా "గృహిణి" అని రాసేశారు. నేను పెన్ను తీసుకుని ఆ మాట కొట్టేసి, పక్కన "టైలర్" అని రాశాను. కొట్టివేత దగ్గర సంతకం పెట్టమన్నారు మేనేజరు గారు. పెట్టాను. మా ఆయన ఆ సంతకం కేసి చూసి, "ఇన్నేళ్లూ తప్పే రాశాను" అన్నారు మెల్లగా.

రిజిస్ట్రేషన్ ఆ నెలాఖరుకు అయింది. నాకు మాత్రం ఇల్లు ఆ సంతకం పెట్టిన రోజే వచ్చేసింది.