లాలాగూడ ఫుల్‌బ్యాక్ డంకన్ సాబ్

మొన్న రెజిమెంటల్ బజార్‌లో నొప్పుల మందు కొంటుంటే దుకాణదారు సీసా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. ఆ ఘాటుకు కళ్లు చెమర్చాయి. ఆటకు ముందు డంకన్ సాబ్ మోకాలికి అలాంటి నూనే రాసుకునేవాడు.

ఆయన స్కాట్లండ్ మనిషి, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో మా ఫోర్‌మన్. యవ్వనంలో తన ఊరి ఫుట్‌బాల్ జట్టుకు ఫుల్‌బ్యాక్, అంటే గోల్ ముందు కాపు కాసే ఆటగాడు. పేరు వస్తున్న రోజుల్లోనే యుద్ధం వచ్చింది. పటాలంతో సికింద్రాబాద్ చేరాడు. యుద్ధం ముగిసేసరికి మోకాలు చెడింది. ఊరి జట్టులో ఆయన చోట మరొకరు ఆడుతున్నారు. ఇక్కడే ఉండిపోయి వర్క్‌షాపు జట్టును తయారుచేశాడు. ఫిట్టర్‌గా కొత్తగా చేరిన నన్ను కుడివైపు నిలబెట్టాడు.

"గోల్ కొట్టినోని పేరు అందరికీ యాదుంటది, డేవిడ్," అనేవాడు, పనివాళ్ల దగ్గర నేర్చిన తెలుగులో. "ఆపినోనిది ఎవరికీ యాదుండదు. గది తెల్సుకొనే నిలబడాలె."

మా గోల్‌కీపర్ యూసుఫ్. అల్వాల్‌లో దర్జీల కుటుంబం, ఇంట్లో తెలుగే. పోలీసు చర్య జరిగిన కొన్ని వారాలకు, రజాకారని ఎవరో చెబితే అతన్ని పట్టుకుపోయారు. రజాకార్లు కవాతు చేసిన సాయంత్రాలన్నీ అతను మాతో మైదానంలోనే ఉన్నాడు. ఆ మాట చెప్పడానికి డంకన్ సాబ్ నన్ను వెంటబెట్టుకుని ఠాణాకు వెళ్లాడు. పని ముగిశాక రోజూ అక్కడి బల్ల మీద కూర్చునేవాళ్లం.

ఒకనాడు అధికారి విసుక్కున్నాడు. "మీ దొరల కాలం అయిపోయింది. ఇంక మీ మాట ఎవరు వింటారు?"

"వినకున్నా మంచిదే. జెర రాసుకోండ్రి. ఆ పిల్లగాడు నాతోనే ఉండె."

మర్నాడూ వెళ్లాం.

చలికాలం చివర యూసుఫ్‌ను వదిలిపెట్టారు. మా మాట వల్లనో, కాదో తెలియదు. కుడిచేతి వేళ్లు ముడుచుకోవడం లేదు. ఏమైందని ఎవరం అడగలేదు.

"గోల్ల నిలబడలేను సాబ్," అన్నాడు.

డంకన్ సాబ్ ఆ చేతిని పట్టుకుని చూశాడు. "ఫుల్‌బ్యాక్‌కు చేతులెందుకు బేటా? ఎడమ దిక్కు రా."

స్కాట్లండ్‌లో ఆయన ఆడినది ఆ చోటే. నెలల తరబడి తనకు తెలిసినదంతా యూసుఫ్‌కు నేర్పాడు. మొదటి పోటీలో అతను బంతి తాకినప్పుడల్లా జనంలోంచి "రజాకార్!" అని అరుపులు. సగం ఆట కాగానే వచ్చి బూట్లు విప్పేశాడు. "ఇగ నాతోని కాదు సాబ్." కొద్ది రోజుల్లోనే ఆ కుటుంబం కరాచీ వెళ్లిపోయింది.

తర్వాత డంకన్ సాబ్ ఎడమవైపు ఎవరినీ నిలబెట్టలేదు. పదిమందితోనే ఆడాం, ఓడుతూ వచ్చాం. జట్టును ఆయన చేతుల్లోంచి తీసేసుకున్నారు. ఆ ఏడే ఉద్యోగం వదిలి ఆయనా స్కాట్లండ్‌కు బయలుదేరాడు.

"అక్కడ ఎవరున్నారు సాబ్?" అని స్టేషన్లో అడిగాను.

"ఎవ్వరు లేరు," అన్నాడు. రైలు కదిలింది. మళ్లీ ఏ కబురూ లేదు.

మా వాడకట్టులో పోలీసులు ఎవరినైనా తీసుకుపోతే ఇప్పటికీ నేను ఠాణాకు వెళ్లి కూర్చుంటాను. చాలాసార్లు దానివల్ల ఒరిగేదేమీ ఉండదు. "నువ్వు అతనికి ఏమవుతావు?" అని అడుగుతారు. చెప్పుకోదగిన చుట్టరికం ఏదీ ఉండదు. చెప్పవలసింది చెప్పి, మర్నాడు మళ్లీ వెళ్తాను.