లెక్కకు రాని నెల

జోగమ్మకు చదువు రాదు గానీ తిథులు, మాసాలు నోటికొచ్చు. పద్మనాభం దగ్గర పల్లెలో పుట్టి, మొగుడు పోయాక గోపాలపట్నం చేరి, తొంభై రెండు నుంచి విశాఖపట్నంలో ఒక శిశుగృహంలో ఆయాగా చేస్తోంది. అమావాస్య ఎప్పుడని సూపరింటెండెంటు పద్మావతి కూడా ఆమెనే అడిగేది. ఆ గర్వమే కొంప ముంచింది.

రెండువేల ఏడులో, వైశాఖం చివర, జ్యోతిర్మయి వచ్చింది. పందొమ్మిదేళ్లు. పెళ్లాడతానన్నవాడు మొహం చాటేశాడు. బిడ్డతో గడప తొక్కొద్దని ఇంట్లోవాళ్లు తేల్చేశారు. చేతిలో పన్నెండు రోజుల ఆడపిల్ల. పిల్లల సంక్షేమ కమిటీ ముందు కూర్చోబెట్టి, బిడ్డను అప్పగిస్తున్నట్టు కాగితం చదివి వేలిముద్ర వేయించుకున్నారు. మనసు మారితే అరవై రోజుల్లో వచ్చి తీసుకుపోవచ్చనీ, ఆ తర్వాత దత్తతకు ఇచ్చేస్తారనీ కూడా చదివారు. వెక్కి వెక్కి ఏడుస్తున్న పిల్లకు అది చెవికెక్కుతుందా? చదివినవాళ్లకు చదవడంతోనే పని అయిపోయింది.

వరండాలోకి రాగానే జ్యోతిర్మయి జోగమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఎన్నాళ్లు టైముంది అత్తా?"

"రెండు మాసాలు. ఇప్పుడొచ్చేది అధిక జ్యేష్ఠం, అది లెక్కలోకి రాదు. నిజ జ్యేష్ఠం, ఆషాఢం. ఆషాఢం అమాస లోగా వచ్చీ. అందాకా నాను సూసుకుంతాను."

పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ పనికిరాని నెల సర్కారుకు మాత్రం ఎలా పనికొస్తుందని ఆమె ధీమా.

జూలై సగంలో గడువు దాటింది. దత్తతకు ఇవ్వొచ్చని కమిటీ కాగితం వచ్చింది. ఆగస్టు మొదట్లో రాజమండ్రి నుంచి భార్యాభర్తలు దిగారు.

"ఇంకా గడువుంది కదమ్మా" అంది జోగమ్మ.

"అరవై రోజులు ఎప్పుడో అయిపోయాయి. పాపకు నీళ్లు పోసి తీసుకురా" అంది పద్మావతి.

అధిక మాసాన్ని కూడా సర్కారు లెక్కేసిందని జోగమ్మకు అర్థమైంది. అప్పుడైనా నోరు విప్పితే కమిటీకి ఒక ఉత్తరం ముక్క వెళ్లేది, రాజమండ్రి బండి ఆగేది. కానీ తప్పు తనదని తేలిపోతుంది. నీళ్లు పోసింది, కాటుక పెట్టింది, పాపను పరాయి చేతుల్లో పెట్టింది.

అమావాస్యకు ఇంకా నాలుగు రోజులుండగా జ్యోతిర్మయి వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. తల్లి ఒప్పుకుందట. చేతిలో కొత్త గౌను.

పద్మావతి తేదీ చూపించి, "అరవై రోజులని నీకు చెప్పలేదా?" అంది.

"ఆషాఢం అమాస లోగా రమ్మని..." అంటూ ఆ పిల్ల జోగమ్మ వైపు చూసింది.

"నువ్వు చెప్పావా జోగమ్మా?"

"నానెందుకు సెప్తానమ్మా. అరవై రోజులనే సెప్పినాను."

జ్యోతిర్మయి మొహంలో కోపం లేదు. ఉండి ఉంటే జోగమ్మ ఆ రోజు అన్నం తినగలిగేది.

"నానే సరిగ్గా ఇనుకోలేదు కాబోలమ్మా" అంది జ్యోతిర్మయి. లేచి జోగమ్మకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "ఇన్నాళ్లు నా పిల్లని సాకినావు అత్తా."