కాలుతో చూసిన నీళ్లు

"చేత్తో చూడు మామా అని వాడు చెప్పనే చెప్పిండు. చిన్నపిల్లకు నీళ్లు పోస్తున్నమా ఏంది అని నేనే నవ్విన," అన్నాడు తిమ్మప్ప, చూడటానికి దవాఖానకు వచ్చిన నాతో, కట్టు కట్టిన కుడికాలిని దిండు మీదికి జరుపుకుంటూ. గద్వాలలో గుంటమగ్గం మీద చీరలు నేసే మనిషి. ముందు గుంటలోకి కాళ్లు దించి, తర్వాత నడుం దించి కూర్చోవడం చిన్ననాటి నుంచీ అలవాటు. తన మగ్గం మీద తమ్ముడినైనా కూర్చోనివ్వడు. వాగైనా తొట్టయినా లోతూ వేడీ ఆయన కాలుతోనే చూస్తాడు. మేనల్లుడు భరత్ వనపర్తిలో కొత్తింటి మేడ మీద వేడినీళ్ల టబ్బు పెట్టించి, నడుంనొప్పికి మంచిదని పిలిచాడు. షుగరున్నవాళ్లు డాక్టరును అడగందే దిగొద్దనీ చెప్పాడు. అతను తువ్వాలు కోసం కిందికి పోగానే తిమ్మప్ప కాలు పెట్టి చూశాడు. వేడే తగల్లేదు. టబ్బులోకి వేడినీళ్లు చిమ్మే రంధ్రానికి పాదం ఆనించి, హాయిగా కళ్లు మూసుకున్నాడు. షుగరు ఆ పాదంలో స్పర్శను ఎప్పుడో తినేసిందని ఆయనకు తెలియదు. భరత్ వచ్చి లేపేసరికి అరికాలి తోలు ఊడింది.

"ఇంకా నయం, తల పెట్టి చూడలే," అంది భార్య కళావతి, కన్నీళ్లతోనే. ఆయన నవ్వాడు. ఆ కాలు మళ్లీ మగ్గం తొక్కుతుందో లేదో దవాఖానలో ఎవరూ చెప్పడం లేదు. మాట్లాడుతున్నంతసేపూ దుప్పటి కింద ఆ మోకాలు లేస్తూ దిగుతూనే ఉంది. నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"జర మా తమ్ముడు రామన్న ఇంటికి పొయ్యి చెప్పు బిడ్డా. చీర సగంల ఆగింది, నా మగ్గం మీద కూసోని నెయ్యమను. నమ్మకుంటే, నేనే కూసోమన్ననని చెప్పు."