పులి టైర్లతో పెళ్లిచూపులకు

టైర్ల వల్ల కారు బోల్తా పడ్డవాళ్లను మీరు చూసే ఉంటారు. టైర్ల వల్ల పెళ్లి సంబంధం బోల్తా పడబోయినవాణ్ణి చూడాలంటే మాత్రం దయచేసి ఇటు తిరగండి. నేనే! అప్పట్లో నాకు కామారెడ్డిలో కొత్త ఉద్యోగం, పాతదే అయినా సొంత కారు, మెదడు ఉండాల్సిన చోట బోలెడంత హుషారు.

కారు చిన్నది. ఎంత చిన్నదంటే, మా పెద్దమ్మ ఎక్కితే కారులో కూర్చున్నట్టు ఉండేది కాదు, కారు తొడుక్కున్నట్టు ఉండేది. దాని టైర్లు అరిగి అరిగి మా బాపు తలలా నున్నగా తయారయ్యాయి. సరిగ్గా అప్పుడే ఎల్లారెడ్డి నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు సుజాత, బడిలో టీచరు. ఫొటో చూసిన క్షణం నుంచి నా కాళ్లు నేల మీద లేవు. ఆదివారమే పెళ్లిచూపులు!

"గా గుండు టైర్లతోని గంత దూరం వద్దురా. కొత్తయి ఏయించు. ఎసొంటియి ఉన్నయో గసొంటియే," అన్నాడు బాపు.

గసొంటియేనట! మీరే చెప్పండి, పెళ్లిచూపులకు పోయేవాడు పాత చొక్కాలాంటి చొక్కానే కుట్టించుకుంటాడా?

శనివారం టైర్ల దుకాణానికి పరుగెత్తాను. దుకాణం యాదగిరన్నది. ఆయన మా కారు కొలతవి తీసి చూపించాడు. సకినాల్లా సన్నగా, బక్కగా ఉన్నాయి. నా చూపు మూలన ఉన్న వేరే టైర్ల మీద పడింది. అబ్బ! ఒక్కొక్కటి పహిల్వాన్‌లా ఉంది. ఒళ్లంతా గట్లు, గాట్లు.

"అన్నా, గవి?"

"గవి పెద్ద బండ్లయి తమ్మీ. నడుమ రింగయితే నీ కారు కొలతే. గని జర లావు, జర ఎత్తు."

"నా కారుకు పడ్తయా?"

యాదగిరన్న గడ్డం గోక్కున్నాడు. నా కళ్లలోని మెరుపే ఆయన కళ్లలోనూ మెరిసింది.

"ఏసి సూద్దాం పా!"

లోకంలో జరిగిన అనర్థాల్లో సగం ఈ మాటతోనే మొదలై ఉంటాయి.

వేశాం. చూశాం. బాతు పిల్లకు ఎద్దు గిట్టలు పెట్టినట్టుంది. కానీ ఆ పూట మాకు అలా కనబడలేదు.

"పులి లెక్కున్నది తమ్మీ!"

"పులేంది అన్నా, సింహం!"

పక్కన టీ కొట్టులోని వాళ్లంతా గ్లాసులతో సహా వచ్చి చూశారు. స్టీరింగు తిప్పితే లోపల ఎక్కడో 'గర్ర్' అంది.

"గదేంది అన్నా?"

"కొత్త టైరు గదా, సిగ్గువడ్తున్నది. రెండు దినాలైతే సర్దుకుంటది."

ఆ జవాబు నాకెంతో శాస్త్రీయంగా తోచింది.

ఆదివారం ముందు సీటులో బాపు, వెనక అమ్మ, పట్టుచీరలో పెద్దమ్మ, ఒళ్లో పళ్ల బుట్ట. అందరూ ఎక్కేసరికి కారు టైర్ల మీదికి కూలబడింది. కదలగానే కింద నుంచి ఒకటే రోదన.

"అరే కొడుకా, నేను గూసోంగనే మూల్గుతుందేందిరా ఇది?" అంది పెద్దమ్మ.

"నీ వల్ల గాదు పెద్దమ్మా. కొత్త టైర్లు గట్లనే అంటయి."

తాడ్వాయి దగ్గర బాపు ముక్కు ఎగబీల్చాడు. "ఏందిరా మాడు వాసన?"

"ఎవలో పొలంల వరి కొయ్యలు కాలవెడ్తుండ్రు బాపు."

"మన కారులనా?"

దిగి చూశాను. వెనక టైర్లు పైనున్న రేకును రాసుకుంటున్నాయి. బండి గంతు వేస్తే చాలు, మనుషుల బరువుకు పూర్తిగా అదుముకుపోతున్నాయి. అందుకని ఒక ఉపాయం పన్నాను. స్పీడ్ బ్రేకర్ రాగానే అందరూ దిగాలి, నడిచి దాటాలి, మళ్లీ ఎక్కాలి. ఆ దారిలో అన్ని స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయని అంతకుముందు నాకు తెలియదు. ఒక ఊళ్లో, కారు వెనక ఊరేగింపుగా నడుస్తున్న మావాళ్లను చూసి ఒక ముసలామె ఆగిపోయింది.

"ఏం మొక్కు బిడ్డా?"

"మా వాని పెండ్లి మొక్కవ్వా!" అంది పెద్దమ్మ, రొప్పుతూ.

ఆ తల్లి భక్తిగా నా కారుకు దండం పెట్టింది.

ఎలాగో ఎల్లారెడ్డి చేరాం. వాళ్ల ఇల్లు ఎడమ పక్క. గేటు ముందు సుజాత వాళ్ల నాన్న, చిన్నాన్న చేతులు జోడించి నిలబడ్డారు. దర్జాగా ఎడమకు తిప్పాను. స్టీరింగు సగం తిరిగి బిగుసుకుపోయింది. వెనక నుంచి ట్రాక్టరు హారన్. చేసేదేముంది, నేరుగా పోనిచ్చాను. బాపు నమస్కారం పెడుతూనే వాళ్లను దాటిపోయాడు.

"ఇల్లు దాటినవ్ గదరా!"

"తిరుగుతలేదు బాపు!"

"ఎవలు?"

"కారు!"

వీధంతా పెద్ద చుట్టు చుట్టి మళ్లీ వచ్చాను. ఈసారి కుడి పక్కకు జరిగి తిప్పుదామంటే అక్కడ బైకులు. మళ్లీ దాటేశాను. "అస్తున్నం, అస్తున్నం!" అంటూ పెద్దమ్మ కిటికీలోంచి చేయి ఊపింది. వాళ్ల నాన్న నవ్వు సగానికి తగ్గింది. మూడోసారి దాటేసరికి నవ్వూ లేదు, జోడించిన చేతులూ లేవు. చిన్నాన్న బైకు మీద వచ్చి కారుకు అడ్డంగా ఆపాడు.

"ఏందయ్యా? పిల్ల నచ్చకుంటే సూసినంక చెప్పాలె. ఇల్లు సూసే పోతరా? గల్లీల మా ఇజ్జతేం గావాలె?"

గేటు దగ్గర సుజాత కనబడింది. ఫొటోలో కన్నా బాగుంది. కానీ ముఖం చిన్నబోయింది. అది చూశాక ఇక నా వల్ల కాలేదు. కారు నడిరోడ్డు మీద వదిలేసి దూకాను.

"నచ్చకపోవుడు గాదు మామా!" కంగారులో వరసే కలిపేశాను. "మస్తు నచ్చింది! నచ్చినందుకే గిట్లయింది! మీరు సూసి మెచ్చుకోవాలని పెద్ద టైర్లు ఏయించిన. ఇగ ఇది తిరుగుతలేదు!"

సుజాత మెల్లగా వచ్చి వంగింది. టైరుకూ రేకుకూ మధ్య వేలు పెట్టబోయింది.

"ఏలు గూడ దూరుతలేదు నాయినా," అంది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. ఆమె నవ్వితే గల్లీ నవ్వింది. మా బాపు కూడా నవ్వాడు, ద్రోహి!

చిన్నాన్న మాత్రం మెత్తబడలేదు. "టైరు కొలతే తెల్వనోనికి పిల్లనెట్ల ఇస్తమన్నా?"

అప్పుడు అరుగు మీద కూర్చున్న సుజాత వాళ్ల నానమ్మ కర్ర నేలకేసి కొట్టింది.

"ఏ, ఊకోరాదు! పిల్లగాడు ఇంట్లకు రాకముందుకే ఇంటి సుట్టు మూడు సుట్లు తిరిగిండు. మీ నాయిన నన్ను సూడనీకె అచ్చి సైకిల్ సుత దిగలే. గిసొంటి భక్తి ఉన్నోడు యాడ దొర్కుతడు? ఇయ్యుర్రి పిల్లను!"

ఇచ్చారు. అసలు కొలత టైర్లు వేయించుకున్నాకే ముహూర్తం పెడతామన్నారు, అంతే.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, ధర్మపత్ని సమక్షంలో, కుడి చేయి స్టీరింగు మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నా కారుకు ఉండాల్సిన కొలత కన్నా వెంట్రుకవాసి పెద్ద టైరు తొడగను, తొడిగే ఆలోచన చేయను, అలాంటి టైరును కన్నెత్తి చూడను.

ఇది రాస్తుంటే సుజాత వెనక నుంచి చదివి అడిగింది:

"మరి నిన్న హెడ్‌లైట్ల దుకాణంల ఏం పని నీకు?"

పాఠకులు గమనించగలరు. నేను ఒట్టు పెట్టింది టైర్ల మీద మాత్రమే.