వదిన చేత్తో తూచిన పెట్టె

పొద్దున్నుంచి సన్నగా ముసురు పడుతున్నది. ఎల్లారెడ్డి రోడ్డు మీద ఆరబోసిన మక్కలను రైతులు కుప్పలు చేసి పైన పట్టాలు కప్పుతున్నారు. నా షాపులో ముగ్గురు పాస్‌బుక్కుల జిరాక్సుల కోసం నిలబడి ఉన్నారు. తడిగాలికి కాగితం మెత్తబడి ప్రింటరులో ఇరుక్కుంటున్నది. దాన్ని లాగుతుండగా కామారెడ్డి ఆస్పత్రి నుంచి మా అమ్మ ఫోన్ చేసింది.

"వదిన పోయింది కొడుకా" అన్నది.

ఇరుక్కున్న కాగితం తీసి, ముగ్గురికీ జిరాక్సులు ఇచ్చి పంపాను. కంప్యూటర్ ఆపే ముందు దాని వెనక చెయ్యి పెట్టి చూశాను. గాలి వస్తున్నది. అలా చెయ్యి పెట్టి చూడటం వదిన అలవాటు. ఎప్పుడు నాకు అంటుకున్నదో తెలియదు. షట్టర్ దించి బస్టాండుకు నడిచాను.

వదిన మా అన్న భార్య. నిజాంసాగర్ వైపు పల్లె నుంచి కోడలిగా వచ్చింది. వచ్చేటప్పుడు తన బీడీలు చుట్టే చాట వెంట తెచ్చుకున్నది. పెళ్లయిన మరుసటి ఏడాది అన్న మస్కట్ వెళ్ళాడు. రెండేళ్లకోసారి వచ్చి నెల ఉండి వెళ్ళేవాడు. పిల్లలు కలగలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే ఆమె తల వంచుకొని బీడీ ఆకు కత్తిరించేది.

నేను కామారెడ్డిలో డిగ్రీ చదివి ఇంటికి వచ్చి కొంతకాలం ఊరికే తిరిగాను. అప్పుడే అన్న తన కంపెనీలో నా గురించి మాట్లాడాడు. ఒక సాయంత్రం వీడియో కాల్‌లో వదినకు ఆ సంగతి చెప్పాడు.

"స్టోర్‌ల ఒక మనిషి గావాల్నంట. వాన్ని పాస్‌పోర్ట్ తీసుకొమ్మను."

వదిన చేతిలో బీడీ చుడుతూనే అన్నది. "ఒగన్ని పంపిన. ఫోన్ల మొఖం చూసుకుంట బతుకుతున్న. ఇంకొగన్ని గూడ ఫోన్లనే చూడమంటవా?"

"మరి గీడ ఏం చేస్తడే?"

"కంప్యూటర్ షాప్ పెడ్తడు."

నేను ఆ మాట అంతకు ముందు ఒక్కసారి, అన్నం తింటూ, ఏదో అనాలని అన్నాను. ఆమె దాన్ని పట్టుకుని కూర్చున్నదని అప్పుడే తెలిసింది. అన్న కాసేపు ఆలోచించి, "ఉగాది దాంక చూస్త. నడువకపోతే మాత్రం రావాలె" అన్నాడు. వదిన సరేనన్నది.

కంప్యూటర్ కొన్నది వదిన బీడీల మీద కూడబెట్టిన డబ్బుతోనే. అందుకని ఆమె కూడా నాతో కామారెడ్డి వచ్చింది. నేను ఫోన్‌లో వీడియోలు చూసి ఏమేం కావాలో మనసులో పెట్టుకున్నాను. పక్కన అద్దం ఉండి, లోపల రంగురంగుల లైట్ల ఫ్యాన్లు తిరిగే కేబినెట్ మీద నా కన్ను పడింది.

"అద్దం ఎందుకు మరిదీ? లోపల పేగులు కనవడాల్నా?" అన్నది వదిన.

"మంచిగ ఉంటది వదినా."

"దరఖాస్తు పెట్టెటోనికి లైట్లతోని ఏం పని? పెండ్లి బారాత్ గాదు గద."

మామూలు రేకు కేబినెట్ తీసుకున్నాం. చివరికి ఎస్‌ఎంపీఎస్ మిగిలింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కంప్యూటర్ వెనక మూలన చిన్న ఇనుప డబ్బా ఉంటుంది. గోడలోంచి వచ్చే కరెంటును తీసుకుని, లోపలి భాగాలకు తగినట్టు మార్చి పంచేది అదే. మిగతావన్నీ ఆలోచించి కొంటారు, దాన్ని మాత్రం మిగిలిన డబ్బుతో కొంటారు. మేమూ అంతే చేశాం.

షాపతను రెండు పెట్టెలు ముందు పెట్టాడు. ఒకదాని మీద 450 వాట్లని ఉంది. రెండోది 500 వాట్లు, మెరిసే డబ్బా, పైగా ధర తక్కువ. నేను ఎటూ తేల్చుకోలేకపోయాను. వదిన కొంగుకు చేతులు తుడుచుకుని రెండింటినీ చెరో అరచేతిలో పెట్టుకున్నది. కళ్ళు సగం మూసి కాసేపు నిలబడింది. బీడీల కార్ఖానాలో ఆకు కట్ట అందుకుని చూసేదీ అట్లాగే. అక్కడ ఆకైనా తంబాకైనా తూకానికే ఇస్తారు. కట్ట తేలికగా ఉంటే ఆమె అక్కడే కొట్లాడేది.

"గిదే" అన్నది 500ను ముందుకు చాపి. "గిందుల సరుకున్నది. గది ఉత్త డొల్ల."

"అక్క మంచిగ పట్టింది" అన్నాడు షాపతను.

బరువున్నదే మంచిదని నేను చూసిన వీడియోల్లో కూడా చెప్పారు. తల ఊపాను.

మా ఇంటి ముందరి గదిలోనే షాపు పెట్టాం. వదిన చాట పట్టుకుని గుమ్మం అవతల కూర్చునేది. లోపలికి రమ్మంటే రాలేదు. "తంబాకు దుమ్ము లోపటికి పోతే దానికి గూడ దగ్గు వడ్తది" అనేది. మధ్యమధ్యలో చేతులు కడుక్కుని వచ్చి, కంప్యూటర్ వెనక అరచెయ్యి పెట్టి ఫ్యాన్ గాలి చూసేది. "ఊపిరి మంచిగనే తీస్తున్నది" అని మళ్ళీ వెళ్ళి కూర్చునేది.

యాసంగి నాట్లు పడేదాకా బాగానే నడిచింది. పొలాల్లో మోటర్లు అన్నీ ఒకే వేళకు తిరగడం మొదలయ్యాక మా వాడలో కరెంటు పడిపోయేది. బల్బు ఎర్రబడి దీపంలా వెలిగేది. ఆ వేళకు కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్ళీ మొదలయ్యేది. ఒక రోజు ఒకాయన తన బిడ్డకు గురుకులం దరఖాస్తు పెట్టించడానికి వచ్చాడు. సగం నింపగానే ఆగింది. మళ్ళీ నింపాను, మళ్ళీ ఆగింది. మూడోసారి టప్పుమని చప్పుడు వచ్చి కాలిన వాసన కొట్టింది. ఆయన బిడ్డను తీసుకుని బస్టాండు దగ్గరి సెంటరుకు వెళ్ళిపోయాడు.

ఎదురింటాయన అరుగు మీద నుంచి అంతా చూశాడు. "మస్కట్ పోయేటోనికి గీ తిప్పలన్నీ ఎందుకు? పాస్‌పోర్ట్ తియ్యుండ్రి" అన్నాడు.

వదిన చాట కింద పెట్టింది. "దగ్గుకుంట బీడీ తాగుడు నీకెందుకు మామా? బంజెయ్యరాదు?"

ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. వదిన మాత్రం ఆ పూట చాట మళ్ళీ ముట్టలేదు. ఉగాది దగ్గరపడింది. లోపల ముఖ్యమైన బోర్డు కూడా కాలిపోయి ఉంటే ఇంకోటి కొనే దారి లేదు. అప్పుడు నేను వెళ్ళక తప్పదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మర్నాడు కేబినెట్‌ను దుప్పట్లో చుట్టి బస్సులో ఒడిలో పెట్టుకుని కామారెడ్డి తీసుకుపోయాం. అమ్మిన షాపతను వారంటీ కాగితం మీద ముద్ర లేదని చేతులెత్తేశాడు. పక్క గల్లీలో రిపేరు చేసే ఒకాయన దగ్గరికి వెళ్ళాం. ఆయన ఎస్‌ఎంపీఎస్ స్క్రూలు విప్పి, మూత తీసి, మా వైపు తిప్పాడు.

లోపల సగం ఖాళీ. ఒక మూలన అరచేయంత ఇనుప ముక్క గట్టి బంకతో అంటించి ఉంది.

"గిదేంది?" అన్నది వదిన.

"బరువుకు పెట్టిండ్రు అక్కా. చేత్తో లేపి చూసెటోళ్ల కోసం."

వదిన ఆ ముక్క వైపు చాలాసేపు చూసింది. తర్వాత నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఆగాక అన్నది. "ఆకుకు నీళ్లు కొట్టి బరువు చేస్తరు, అది నాకు ఎరుకే. చెయ్యి వెట్టంగనే చెప్త. ఇనుము పెడ్తరని ఎరుక లేకపాయె. నన్ను జూసే పెట్టిండ్రు మరిదీ గిది."

"బోర్డు సంగతి చూడన్నా" అన్నాను నేను.

రిపేరు ఆయన తన దగ్గరున్న పాత ఎస్‌ఎంపీఎస్ తగిలించాడు. స్విచ్ నొక్కే ముందు వదిన బల్ల అంచు పట్టుకున్నది. ఫ్యాన్ కొంచెం కదిలి ఆగింది. ఇంకోసారి నొక్కాడు. తిరిగింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. వదిన లేచి బయటికి వెళ్ళి, కొళాయి దగ్గర ముఖం కడుక్కుని వచ్చింది.

ఇంకోటి కొనాలి. చేతిలో ఉన్న డబ్బు కొంచెమే. రిపేరు ఆయన రెండు మూడు తీసి చూపించాడు. ఈసారి వదిన దేన్నీ చేతిలోకి తీసుకోలేదు.

"మా దిక్కు మోటర్లు వెడితే బల్బు దీపం లెక్కయితది. గప్పుడు గూడ నడిచేది ఏది తమ్మీ?" అన్నది.

ఆయన డబ్బా పక్కనున్న చిన్న అక్షరాలు చూపించాడు. ఒకదాని మీద ఇన్‌పుట్ 200 నుంచి 240 వోల్టులని ఉంది. ఇంకోదాని మీద 100 నుంచి 240. రెండోదైతే కరెంటు బాగా పడిపోయినా తట్టుకుంటుందన్నాడు. దాని వాట్లు మాత్రం తక్కువే, 400. మా కంప్యూటర్‌లో ఆటలు ఆడే కార్డు ఏదీ లేదు గనుక 200 కూడా వాడదని చెప్పాడు. పైన రాసిన పెద్ద అంకె చూసి కొనొద్దని, అంత కరెంటు నిజంగా ఇచ్చే కంపెనీదేనా, పాడైతే మార్చిస్తారా అన్నది చూడమని అన్నాడు. వదిన ఆ చిన్న అక్షరాల మీద వేలు పెట్టి నన్ను గట్టిగా చదవమన్నది. చదివాను. అదే తీసుకున్నాం. ముద్ర వేసిన వారంటీ కాగితం అడిగి మరీ కొంగున కట్టుకున్నది.

వచ్చేటప్పుడు ఇనుప ముక్కను కూడా అడిగి తెచ్చుకున్నది. "పైసలు దీనికి గూడ ఇచ్చినం గద" అన్నది. నానబెట్టిన ఆకును తడిగుడ్డలో చుట్టి, మడతలు లేవకుండా దాని మీద బరువు పెడతారు. అప్పటిదాకా రాయి పెట్టేది. ఆ రోజు నుంచి ఇనుప ముక్క పెట్టింది.

ఉగాదికి అన్న వదినకు ఫోన్ చేశాడు. "నడుస్తున్నదా?"

"నడుస్తున్నది."

"మధ్యల ఆగిందని ఎవలో అన్నరు."

"కరెంటు పోతే అందరిదీ ఆగుతది. నీ కంపెనీల ఆగదా?" అన్నది వదిన. అంతకుమించి చెప్పలేదు. నన్నూ చెప్పనివ్వలేదు. అన్న ఆ ఏడు మళ్ళీ వీసా మాట ఎత్తలేదు.

కంప్యూటర్ కొనబోయేవాళ్ళు ఇప్పటికీ నన్ను సలహా అడుగుతుంటారు. ఎస్‌ఎంపీఎస్ దగ్గరికి వచ్చేసరికి చిన్న అక్షరాలు చదవమని చెబుతాను. మా ఊరి కరెంటు ఎట్లా ఉంటుందో ముందు చెప్పి, తర్వాత ధర అడగమని చెబుతాను. అది వదిన అడిగిన వరుస.

ఆమె దగ్గు ఎప్పుడు మొదలైందో ఇంట్లో ఎవరం గట్టిగా చెప్పలేం. బీడీలు చుట్టే ఆడవాళ్ళు అందరూ దగ్గుతారు. డాక్టరు తంబాకు పని మానమన్నాడు. ఆమె తగ్గించింది, మానలేదు. షాపు నడుస్తున్నది కదా అంటే, "షాపు నీది, చాట నాది" అనేది. ఈసారి వానలు మొదలయ్యాక నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చేది. కామారెడ్డిలో ఆస్పత్రిలో చేర్చాం. చేరడానికి వెళ్ళే రోజు కూడా ఆకు నానబెట్టి, గుడ్డలో చుట్టి, ఇనుము పెట్టి వెళ్ళింది. రెండు రోజుల్లో వస్తాననుకున్నది.

నేను చివరిసారి చూసినప్పుడు ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. మంచం పక్కన మిషన్ గురగురలాడుతున్నది. నన్ను చూసి దాని వైపు కన్ను తిప్పింది.

"నాకు గూడ ఎస్‌ఎంపీఎస్ మార్చిండ్రు మరిదీ" అన్నది మెల్లగా. "ఎన్ని వాట్లదో అడుగు."

"మంచిదే పెట్టిండ్రు వదినా. చిన్నక్షరాలు చదివిన."

ఆమెకు నవ్వు వచ్చింది గానీ నవ్వడానికి ఊపిరి చాలలేదు. కాసేపు ఆగి, "షాప్ ఎవలు చూస్తున్నరు?" అని అడిగింది. మూసి వచ్చానని చెప్పాను. "పోయి తియ్యి" అన్నది.

అన్న వచ్చేదాకా అంత్యక్రియలు ఆపి, అన్నతోనే చేయించాం. దినాలు అయ్యాయి. సెలవు అయిపోవచ్చిన ఒక రోజు మధ్యాహ్నం అన్న, వదిన కూర్చునే చోటికి వెళ్ళి, ఆకు మూట మీది ఇనుప ముక్క చేతిలోకి తీసుకున్నాడు.

"గిది యాడిదిరా?"

చెప్పాను. టప్పుమనడం నుంచి బల్ల అంచు పట్టుకోవడం దాకా అంతా చెప్పాను. అతను వింటూ ఆ ముక్కను అరచేతిలో పైకీ కిందికీ ఆడించాడు.

"నాకు ఒక్క ముక్క చెప్పలే" అన్నాడు.

"చెప్తే నన్ను రమ్మంటవని."

"అంటుంటి." ముక్కను ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "ఇప్పటికి గూడ అడుగుతున్నరు కంపెనీల. ఇగ నిన్ను ఆపెటోళ్లు ఎవలున్నరు? వస్తవా?"

ముందరి గదిలో కంప్యూటర్ నడుస్తున్నది. ఫ్యాన్ చప్పుడు అక్కడికి వినిపిస్తున్నది.

"పొద్దుగాల్ల షాప్ తియ్యాలె అన్నా" అన్నాను.

అతను ఆకు మూట మీదికి వంగాడు. తడిగుడ్డ ఎప్పుడో ఎండిపోయింది. లోపల ఆకు అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. మూటను విప్పబోయి మానుకున్నాడు. ఇనుప ముక్కను మళ్ళీ దాని మీద, మునుపు ఉన్నచోటే పెట్టాడు.

శుక్రవారం పొద్దున మొదటి బస్సుకు అన్న కామారెడ్డి వెళ్ళాడు. అక్కడి నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు. అమ్మా నేనూ బస్టాండు దాకా వెళ్ళి తిరిగి వచ్చాం. ఇంటి నుంచి ఆ రోజు మస్కట్ వెళ్ళింది అన్న ఒక్కడే.