'ఆగు' అనలేని సార్జెంటమ్మ

కరాసాజ్ ఊరి మీదుగా పోయే బస్సులో కంషాత్ ఎక్కిందంటే, ఆమె దిగాల్సిన మలుపు రాగానే ఎవరో ఒకరు వెనక సీట్లోంచి కేకేస్తారు: "టొక్తా, మన సార్జెంటమ్మ దిగాలి."

టొక్తా అంటే ఆగు. బస్సుని ఆపాలన్నా, గుర్రాన్ని ఆపాలన్నా, ఏడ్చే పిల్లని ఊరుకోబెట్టాలన్నా అక్కడ అదే మాట. కంషాత్ మాత్రం ఆ మాట అనదు. ఆమె మామగారి పేరు టొక్తసిన్. కోడలన్నది మామగారి పేరు పలకకూడదు. పేరొక్కటే కాదు, ఆ పేరులో ఉన్న మాట కూడా నోట రానివ్వకూడదు. ఈ రోజుల్లో పట్నంలో ఎవరికీ ఈ పట్టింపు లేదు. కరాసాజ్‌లోనూ సగంమంది కోడళ్ళు మామగారు ఎదురుగా ఉన్నంతసేపే పాటించి, ఆయన గుమ్మం దాటగానే మర్చిపోతారు. కంషాత్ అలా కాదు. మామగారు పక్క జిల్లాలో పెళ్ళికి పోయి ఉన్నా సరే, ఆమె "చాలు" అంటుంది, "నిలబడు" అంటుంది, అంతే. ఒకసారి బస్సుకి కొత్త డ్రైవరు వచ్చాడు. "నిలబడు బాబూ, నిలబడు" అని ఈమె బతిమాలుతుంటే, "నిలబడి బండెట్లా నడపనక్కా?" అని రెండు మలుపులు దాటించేశాడు. ఆమె మంచులో వెనక్కి నడిచొచ్చింది గానీ ఆ మాట మాత్రం అనలేదు.

ఇందులో భయమేమీ లేదు. దాని వెనక వేరే సంగతి ఉంది.

కంషాత్‌ది తండ్రి లేని చిన్నతనం. పిన్ని ఇంట పెరిగి, నర్సు చదువు చదివి, సైన్యంలో చేరింది. రైలింజను నడిపే జాన్‌బొలాత్‌ని చేసుకుని కరాసాజ్‌కి కాపురానికి వచ్చినప్పుడు, ముఖం మీద ముసుగు తీసిన మూడో రోజే ఊరి ఆడవాళ్ళు మొదలుపెట్టారు. కోడలంటే టీ పోయాలి, పిండి పిసకాలి గానీ, సిపాయిలకి సూదులు పొడవడమేంటని. అత్తగారు బిబిసారా కూడా పైకి అనకపోయినా అదే అనుకుంది. మామగారు ఏమీ అనలేదు. తెల్లారి లేచి, సైడ్‌కారు ఉన్న పాత మోటారుసైకిలుని బయటికి లాగి, గొర్రెతోలు కోటు కోడలి మీద కప్పి, పటాలం గేటు దాకా దించి వచ్చాడు. ఆ చలికాలమంతా అదే పని. "మీకెందుకు ఆతా ఈ శ్రమ, నేను నడిచిపోతా కదా" అంటే, "గుర్రాలు కాసినవాణ్ణి, చలి నాకు బావమరిది" అనేవాడు. మంచు పడ్డ కనుబొమలతో ఊరి మధ్యలోంచి ఆయన అలా నెమ్మదిగా, అందరూ చూసేలా నడుపుకుంటూ పోతుంటే, మాట్లాడే నోళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

అలాంటి మనిషికి తిరిగి ఏమివ్వగలదు? టోపీ, చేతి తొడుగులు అందరు కోడళ్ళూ కొనిస్తారు. కంషాత్ ఆ పేరుని నోట రానివ్వకుండా దాచిపెట్టింది. అది ఆయనకి తానిచ్చే గౌరవమనుకుంది.

ఆ ఏడు వసంతంలో పటాలానికి పిలుపొచ్చింది. గోలన్ గుట్టల మీద ఐక్యరాజ్యసమితి తరఫున కాపలా ఉండే శిబిరానికి ఒక జట్టుని పంపాలి. ఏడాది పాటు. నీలం టోపీ పెట్టుకుని పోయే ఆ జట్టులో నర్సుగా కంషాత్ పేరు కూడా వచ్చింది. బలవంతమేమీ లేదు, ఇష్టమైతే పోవచ్చు, లేకపోతే లేదు. ఆమెకి పోవాలని ఉంది. ఇన్నేళ్ళుగా నేర్చుకున్న పని నిజంగా అవసరమైన చోట చేయాలని ఏ నర్సుకి ఉండదు?

అయితే ఆ శిబిరంలో మనుషులు తక్కువ. వంటవాడైనా నర్సైనా వంతు వస్తే గేటు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడాల్సిందే. దానికో పరీక్ష పెట్టారు. స్టెప్పీ గడ్డిమైదానంలో గేటు లాంటిది ఒకటి కట్టి, అవతల మాచిపత్రి పొదల్లో కొందరు సిపాయిలని బోర్లా పడుకోబెట్టి, మరొకణ్ణి అపరిచితుడిలా నడిపించారు. గేటు దగ్గరున్న వాళ్ళు అతణ్ణి మూడు భాషల్లో ఆపాలి. ముందు సొంత భాష, తర్వాత ఇంగ్లీషు, తర్వాత అరబీ.

కంషాత్ వంతు వచ్చింది. మనిషి దగ్గరికొస్తున్నాడు. ఆమె గొంతెత్తింది. అలవాటైన మాటే వచ్చింది.

"నిలబడు!"

పొదల్లో పడుకున్న సిపాయిలంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు, బట్టలు దులుపుకుంటూ. వస్తున్నవాడు మాత్రం ఆగలేదు. తనని కాదనుకుని నేరుగా నడుచుకుంటూ గేటు లోపలికొచ్చి, "ఇప్పుడు నేనేం చేయాలక్కా?" అన్నాడు. ఇంగ్లీషులోను, అరబీలోను ఆమె ఆ తర్వాత గణగణలాడేలా చెప్పింది గానీ, అప్పటికి ఎవరికీ నవ్వాగలేదు.

నవ్వనిది కెప్టెన్ ఒరల్బెక్ ఒక్కడే. సాయంత్రం ఆమెని పిలిచాడు.

"సార్జెంట్, ఆ పొదల్లో లేచి నిలబడ్డవాళ్ళు నీవాళ్ళు. అక్కడ అయితే వాళ్ళలో ఎంతమంది మిగిలేవారో తెలుసా?"

"తెలుసు కెప్టెన్‌గారూ."

"మీ మామగారి పేరేంటి?"

ఆమె తల దించుకుంది. కెప్టెన్‌కి అప్పుడు తనడిగిందేమిటో తెలిసింది. నవ్వు రాకుండా మొదటిసారి పెదాలు బిగించుకున్నాడు. "సరే, చెప్పకు. అర్థమైంది. మా అమ్మ ఇప్పటికీ చక్కెరని తెల్లమన్ను అంటుంది, మా తాత పేరు వల్ల. చూడు, గేటు కాపలా నుంచి నీకు మినహాయింపు రాస్తాను. నర్సు పని ఒక్కటే చేసుకో. లేదా అసలు రానని చెప్పు, తప్పు పట్టను. శుక్రవారం లోపు తేల్చు."

బస్సులో కూర్చుని ఆమె మూడు దారులూ తిప్పి తిప్పి చూసుకుంది. పోకపోతే జీవితాంతం ఆ వెలితి ఉండిపోతుంది. మినహాయింపుతో పోతే తన వంతు కాపలా ఇంకొకరు కాయాలి, అది ఆమెకి మింగుడుపడలేదు. పూర్తిగా పోవాలంటే ఆ మాట అనాలి. అంటే, మంచులో తనని బండి మీద తీసుకుపోయిన మనిషికి తానిచ్చిన ఒక్కటీ తిరిగి లాక్కున్నట్టే. జాన్‌బొలాత్‌కి ఫోను చేసింది. ఇంజను రొద మధ్య అతను, "నాకు గర్వమే కంషాత్, కానీ నాన్న ముఖం చూసి తేల్చుకో. ఈ విషయంలో నేను అడ్డొస్తే ఇద్దరికీ కోపం" అన్నాడు.

ఇంట్లో ఏమీ చెప్పకూడదనుకుంది. చెప్పలేదు కూడా. కానీ టీ దగ్గర పట్టుబడిపోయింది.

బల్ల చుట్టూ అత్తగారు, మామగారు, నాలుగేళ్ళ కూతురు ఇంకార్ కూర్చున్నారు. మొదటి పిల్లని నాయనమ్మే పెంచడం అక్కడి ఆచారం కాబట్టి ఇంకార్ ఆమె దగ్గరే పెరుగుతోంది. నాయనమ్మనే అమ్మా అంటుంది, కన్నతల్లిని పేరు పెట్టి పిలుస్తుంది. కంషాత్ ఆలోచనలో పడి మామగారి గిన్నెలో అంచుదాకా టీ పోసి అందించింది. ఇంట్లోవాళ్ళకి గిన్నె సగమే పోస్తారు, మళ్ళీ మళ్ళీ అడగాలని. నిండా పోస్తే, తాగి లేచి వెళ్ళమని.

బిబిసారా చేతిలో నూనెలో వేయించిన బౌర్సాక్ రొట్టె చేతిలోనే ఉండిపోయింది. "ఏమే, ఇంటి పెద్దని పంపించేస్తున్నావా?"

కంషాత్ ముఖం ఎర్రబడింది. మామగారు ఆ నిండు గిన్నెని చూసి, కోడలి ముఖం చూసి, "నన్ను కాదులే" అన్నాడు. "తనే ఎక్కడికో పోతోంది. చెప్పు గుర్రప్పిల్లా, ఎక్కడికి?"

ఇక దాచడానికేముంది. గోలన్ సంగతి, కాపలా సంగతి, మినహాయింపు సంగతి చెప్పింది. పొదల్లోంచి లేచి నిలబడ్డ సిపాయిల దగ్గరికొచ్చేసరికి మామగారు గిన్నె కింద పెట్టి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. బిబిసారా నవ్వలేదు.

"మినహాయింపు తీసుకో. పిల్ల సంగతి నేను చూసుకుంటా, దాని గురించి బెంగ పెట్టుకోకు. కానీ ఆ మాట మాత్రం అనకు. ఇన్నేళ్ళ కాపురంలో నేనే అనలేదు. రేపు మగవాళ్ళంతా ఆ గుట్టల మీద నీ నోట వింటారు, ఊరికొచ్చి చెప్తారు. ఫలానా ఇంటి కోడలు మామగారి పేరుని కుక్కని అదిలించినట్టు అరుస్తోందని."

"అందుకే అత్తమ్మా, పోనని చెప్పేద్దామా అని..." అంది కంషాత్.

"ఎందుకూ?" అన్నాడు మామగారు. నవ్వు పోయింది ఆయన గొంతులోంచి. "నాకీ పేరు ఎలా వచ్చిందో నీకెవరన్నా చెప్పారా?"

"లేదు ఆతా."

"నాకు ముందు పుట్టినవాళ్ళు ఒక్కరూ దక్కలేదు. పుట్టడం, పోవడం. నేను పుట్టగానే మా అమ్మ నన్ను ఎత్తుకుని వాకిట్లోకొచ్చి, అందరికీ వినపడేలా అరిచిందట, టొక్తసిన్ అని. ఇక ఆగాలి అని. ఆ మాట నాతో అనలేదే పిల్లా, నేనప్పుడే ఎక్కడికి పోతాను? చావుతో అంది. గుమ్మం దాకా వచ్చినదాన్ని అక్కడే ఆగమంది. అది ఆగింది, నేను నీ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నా. అట్లాంటి మాటని నువ్వు మూట కట్టి పెట్టెలో దాచావు. నా మీద గౌరవంతోనే దాచావని నాకు తెలుసు. ఆ కొత్త డ్రైవరు దాటించేసిన రోజు నువ్వు మంచులో వెనక్కి నడిచొస్తుంటే కిటికీలోంచి చూశాను, ఛాతీ ఇంత వెడల్పయింది. కానీ అది దాచుకునే మాట కాదు. అరిచే మాట."

బిబిసారా ఏదో అనబోయి, తలగుడ్డ కొసతో బల్ల మీద లేని రొట్టెముక్కలు తుడవడం మొదలుపెట్టింది.

మామగారు లేచి గొర్రెతోలు కోటు వేసుకున్నాడు. "రా బయటికి. సగం సిపాయిగా పోయేటట్టయితే అసలు పోవద్దు. పూర్తిగా పోగలవో లేదో చూద్దాం."

వాకిలి చివర గడ్డివామి దాకా నడిచి, ఆయన అక్కడ్నుంచి కంషాత్ వైపు తిరిగాడు. "నేనెవరో నీకు తెలీదు. కోటు కింద ఏముందో తెలీదు. వస్తున్నా."

నడవడం మొదలుపెట్టాడు. పరాయివాడిలా, కళ్ళు కలపకుండా.

"నిలబడు," అంది కంషాత్.

"నిలబడే కదా నడుస్తున్నా," అని ఆయన వస్తూనే ఉన్నాడు.

"చాలు ఆతా."

"నాకు చాల్లేదు."

గుమ్మంలో ఇంకార్ పగలబడి నవ్వుతూ "టొక్తా, టొక్తా" అని గంతులేసింది. "నువ్వు కాదమ్మా, నీకు జీతం ఇవ్వరు," అంటూ ఆయన దాటుకుంటూ వస్తున్నాడు. కంషాత్ నోరు తెరిచింది. నాలుక కదల్లేదు. ఇన్నేళ్ళ అలవాటు అక్కడ గడ్డకట్టుకుని కూర్చుంది.

"నీ వెనక ఎవరున్నారు?" అని అడిగాడాయన, నడక ఆపకుండానే.

"ఎవరూ లేరు ఆతా."

"ఉన్నారు. నీ డేరాలో పడుకున్నవాళ్ళు. ఒకడికి జ్వరం, ఒకడికి కాలు విరిగింది, లేవలేరు. నువ్వు దాటనిస్తే నేను వాళ్ళ దగ్గరికి పోతాను."

కంషాత్‌కి నిజంగానే వీపు వెనక మంచాలు కనిపించాయి. ఏ రాత్రీ ఏ రోగినీ వదిలి పోని మనిషి ఆమె. కాళ్ళు వాటంతటవే ఎడం చేసుకుని నిలబడింది.

"టొక్తా!"

ఆ కేక వాకిలి దాటి, పక్కింటి దొడ్డి దాటి, పైన కొండవాలుని తాకి తిరిగొచ్చింది. కట్టేసిన గుర్రం మేత ఆపి తలెత్తింది. మామగారు ఒక కాలు ముందుకేసి, రెండోది వేయకుండా, ఉన్నచోటే ఆగిపోయాడు. కంషాత్ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆయన మాత్రం ఆమెని అలా చూస్తూనే ఉన్నాడు, పందెంలో తన గుర్రం ముందొచ్చినప్పుడు జనంలోంచి చూసే చూపుతో.

మొదట మాట్లాడింది బిబిసారానే, గుమ్మంలోంచి. "ఇంకోసారి అనవే. ఈ మనిషి ఒకళ్ళ మాటకి ఆగడం నా కాపురంలో ఇదే మొదలు."

"నువ్వు కూడా అనొచ్చు," అన్నాడాయన.

"నేనెందుకంటాను? నేనేం సైన్యంలో ఉన్నానా?" అంటూ ఆమె లోపలికి పోయింది. పోతూ పోతూ కళ్ళు తుడుచుకోవడం కంషాత్ చూసింది.

మామగారు దగ్గరికొచ్చి రెండు అరచేతులూ తెరిచాడు. కంషాత్ కూడా తెరిచింది. దీవెన పెద్దగా ఏమీ లేదు. "నీ గొంతు గట్టిగా ఉండాలి. నీ వెనక ఉన్నవాళ్ళు క్షేమంగా ఉండాలి. పేరు పలకడానికి సెలవు ఇచ్చాను, ఇంట్లో, బయటా, ఎక్కడైనా." అరచేతులతో ముఖం తుడుచుకుని, "ఇప్పుడా టీ ఇవ్వు," అన్నాడు. "చల్లారిపోయింది. ఈసారి సగమే పొయ్యి."

శుక్రవారం కాలేదు, గురువారమే కంషాత్ కెప్టెన్ ముందు నిలబడింది.

"మినహాయింపు రాయనా?" అని అడిగాడు ఒరల్బెక్.

"అక్కర్లేదు కెప్టెన్‌గారూ. గేటు దగ్గర మొదటి వంతు నాకే వేయండి."

కెప్టెన్ కలం పక్కన పెట్టాడు. "పెద్దాయన ఒప్పుకున్నారా?"

"ఒప్పుకోవడమేమిటండీ," అంది కంషాత్, నవ్వు దాచుకోకుండా. "నిన్నటి నుంచి బజారంతా చెప్పుకు తిరుగుతున్నారు. ఈ వయసులో టొక్తసిన్ కూడా విదేశం పోతున్నాడట, రోజుకి వందసార్లు తన పేరు ఆ గుట్టల మీద మోగుతుందట."